అంకె వెనక వాక్యం



ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి దగ్గర ఒక పొడవాటి ప్రహరీగోడ ఉంది. శుక్రవారం తెల్లారేసరికి దాని మీద కొత్త సినిమా పోస్టరు పడుతుంది. మొదట బొమ్మ ఒక్కటే ఉంటుంది. వారం తిరక్కముందే బొమ్మ పక్కన అంకె వచ్చి చేరుతుంది. ఇన్ని కోట్లు అని. నా చిన్నప్పుడు పోస్టరు మీద కోట్లు ఉండేవి కావు. రోజులుండేవి. ఇన్ని కేంద్రాల్లో యాభై రోజులు, ఇన్ని కేంద్రాల్లో వంద రోజులు అని వేసేవాళ్లు. కోట్లయినా రోజులైనా అంకె పని ఒకటే. సినిమా చూడనివాళ్లకు ఆ సినిమా సంగతి ఒక్క ముక్కలో చెప్పాలి.

ఇవాళ నేను మాట్లాడబోయేది సినిమాల గురించి కాదు. పరిశోధన గురించి. పరిశోధనకు కూడా ఇలాంటి పోస్టరు అంకెలు వచ్చేశాయి. మీ ఇంట్లో పీహెచ్‌డీ చేసే పిల్లలుంటే ఆ అంకెల పేర్లు మీ చెవిన పడే ఉంటాయి. సైటేషన్లు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్. హెచ్ ఇండెక్స్. వీటిని ఎలా చదవాలో నాకు తెలిసినంతలో చెబుతాను.

నేను బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరయిన మనిషిని. పోయిన ఎండాకాలం మా అన్నయ్య కూతురు మా ఇంటికొచ్చింది. పీహెచ్‌డీ అయిపోయింది. జొన్న పైరుకు వచ్చే తెగులు మీద పనిచేసింది. ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లి నేరుగా మా ఇంటికే వచ్చింది. చెప్పులు విప్పుతూనే, "పదకొండే బాబాయ్" అంది.

"ఏంటి తల్లీ పదకొండు?"

"నా సైటేషన్లు. మొదటి ప్రశ్నే అది అడిగారు. పదకొండు అన్నాను. ఆ తర్వాత జొన్న గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు."

మంచినీళ్లు తాగి చాలాసేపు అలాగే కూర్చుంది. నాకూ ఏం చెప్పాలో తోచలేదు.

అసలు సైటేషన్ అంటే ఏమిటి? పరిశోధకుడు పేపరు రాసేటప్పుడు, ఆ పని తనకంటే ముందు చేసినవాళ్ల పేరు చెప్పాలి. ఫలానా సంగతి ఫలానావాళ్లు కనుక్కున్నారు, నేను అక్కడి నుంచి మొదలుపెట్టాను అని రాయాలి. మన ఇళ్లలో చూడండి. గోంగూర పచ్చడి బాగా కుదిరిందని ఎవరైనా మెచ్చుకుంటే, మా వదిన దగ్గర నేర్చుకున్నానండీ అంటాం. అదే సైటేషన్. వదిన పేరు ఎంతమంది చెబితే వదినకు అన్ని సైటేషన్లు. అంతకు మించి ఏమీ లేదు.

ఈ పేర్లన్నీ ఒకచోట చేర్చాలన్న ఆలోచన అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ అనే ఆయనకు వచ్చింది. 1955లో దాని గురించి ఒక వ్యాసం రాశారు. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అని పెద్ద పెద్ద సంపుటాలుగా తెచ్చారు. ఆయన మొదట అనుకున్నది మార్కులు వేయడం కాదు, దారి చూపడం. ఒక పాత పేపరు మీకు నచ్చింది. దాన్ని ఆ తర్వాత ఎవరెవరు వాడుకున్నారో తెలిస్తే, ఆ దారి పట్టుకుని కొత్త పేపర్ల దగ్గరికి వెళ్లొచ్చు. ఊళ్లో ఒకరి ఇల్లు వెతుక్కుంటూ ఇంటింటా అడుగుతూ పోతామే, అలాగన్నమాట. దారి చెప్పడానికి పుట్టిన పుస్తకం పోనుపోను మార్కుల పట్టీ అయింది.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ సంగతి చెబుతాను. చాలామంది దీన్ని మనిషికి కట్టేస్తారు. ఇది మనిషిది కాదు, పత్రికది. ఒక పత్రిక గడిచిన రెండేళ్లలో వేసిన పేపర్లను ఈ ఏడాది ఎన్నిసార్లు పేర్కొన్నారో లెక్కపెడతారు. ఆ మొత్తాన్ని ఆ రెండేళ్లలో వేసిన పేపర్ల సంఖ్యతో భాగిస్తారు. వచ్చిన సగటే ఇంపాక్ట్ ఫ్యాక్టర్.

ఇది సినిమా హాలు లెక్క లాంటిది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్ ఉంది, దేవి ఉంది, సంధ్య ఉంది. అక్కడ సినిమా పడిందంటే గొప్పగా చెప్పుకుంటారు. హాలుకు పేరుంది, నిజమే. ఆ హాల్లో పడ్డ ప్రతి సినిమా బాగుంటుందా? హాలు సగటు హాలు గురించి చెబుతుంది. సినిమా బాగుందో లేదో తెలియాలంటే టిక్కెట్టు కొని లోపల కూర్చోవాలి. పేపరు కూడా అంతే. పత్రిక అంకె పత్రికది. పేపరు సంగతి పేపరు చదివితేనే తెలుస్తుంది. 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో శాస్త్రవేత్తలు, పత్రికా సంపాదకులు సమావేశమై ఒక ప్రకటన తయారుచేశారు. పత్రిక అంకె చూసి మనిషి పనిని తూచొద్దని అందులో స్పష్టంగా రాశారు. ఆ ప్రకటన వచ్చి పదేళ్లు దాటింది. తూచడం మాత్రం ఆగలేదు.

ఇక హెచ్ ఇండెక్స్. ఇది మనిషి లెక్క. హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించారు. వినడానికి చిక్కుగా ఉంటుంది గానీ, ఫిల్మ్‌నగర్ భాషలో చెబితే తేలిక. ఒక హీరో సినిమాలన్నీ తీసుకోండి. ఎక్కువ కేంద్రాల్లో వంద రోజులు ఆడినదాన్ని మొదట పెట్టండి. దాని తర్వాత రెండోది, మూడోది, అలా వరసగా పేర్చండి. ఐదో సినిమా కనీసం ఐదు కేంద్రాల్లో ఆడింది. ఆరో సినిమా ఆరు కేంద్రాల్లో ఆడలేదు. అప్పుడు ఆ హీరో అంకె ఐదు. కేంద్రాల బదులు సైటేషన్లు అనుకోండి, సినిమాల బదులు పేపర్లు అనుకోండి. అదే హెచ్ ఇండెక్స్.

ఇందులో ఒక తిరకాసుంది, గమనించండి. ఒక దర్శకుడు జీవితంలో ఒకే ఒక్క సినిమా తీశాడు. అది వంద కేంద్రాల్లో వంద రోజులు ఆడింది. ఊరూరా దాని గురించే మాట్లాడుకున్నారు. ఈ లెక్కలో అతని అంకె ఎంత? ఒకటి. రెండో సినిమా లేదు కాబట్టి ఒకటే. మరి మీరే చెప్పండి, ఆ సినిమా ప్రభావం ఒకటేనా?

ఇప్పుడు మన తెలుగువాళ్లలోనే ఒక పెద్ద మనిషి సంగతి చెబుతాను. యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. తర్వాత అమెరికాలోని బోస్టన్‌కు వెళ్లారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ఆయన దగ్గర చేరారు. ఇద్దరూ కలిసి 1925లో ఒక పేపరు రాశారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి అది.

ఆ పద్ధతి నేను ఎన్నో ఏళ్లు పిల్లల చేత చేయించాను. పరీక్ష నాళికలో నమూనా పోస్తాం. అమ్మోనియం మాలిబ్డేట్ కలుపుతాం. ఇంకో ద్రావకం కొద్దిగా వేస్తాం. కాసేపు ఆగితే నీళ్లలా ఉన్నది నెమ్మదిగా నీలం తిరుగుతుంది. భాస్వరం తక్కువుంటే లేత ఆకాశం రంగు. ఎక్కువుంటే చాకలి నీలిమందు రంగు. ఆ నీలం ఎంత ముదిరిందో చూసి భాస్వరం ఎంతో చెప్పేయొచ్చు. నాళికలు వరసగా స్టాండులో పెట్టి వెలుతురుకు ఎత్తి చూపిస్తే, వెనక బెంచీ పిల్లలు కూడా లేచొచ్చేవాళ్లు. ఈ పద్ధతి కనిపెట్టింది భీమవరంలో పుట్టినాయన అని చెబితే వాళ్ల కళ్లు పెద్దవయ్యేవి.

ఆ పేపరును ప్రపంచం వేల సార్లు పేర్కొంది. ఎందుకంటే అది కొలత గిన్నె లాంటిది. ఎవరు ఏ వంట చేసినా గిన్నె కావాలి. భాస్వరం కొలిచిన ప్రతివాళ్లూ ఫిస్క్, సుబ్బారావుల పేర్లు రాశారు. కొలత గిన్నెలకు సైటేషన్లు ఎక్కువ రావడం లోకమంతటా ఉన్నదే. ప్రోటీన్లు కొలిచే పద్ధతి మీద 1951లో లౌరీ, ఆయన సహచరులు రాసిన పేపరుకు 2014 నాటికే 3 లక్షలకు పైగా సైటేషన్లు వచ్చాయి. నేచర్ పత్రిక లెక్క అది. డీఎన్ఏ రూపం ఏమిటో చెప్పిన 1953 నాటి పేపరుకు అదే లెక్కలో మొదటి వందలో కూడా చోటు దొరకలేదు.

మళ్లీ సుబ్బారావు గారి దగ్గరికి వద్దాం. కొలత గిన్నె తర్వాత ఆయన ఏం చేశారు? కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. మన ఒంట్లో ప్రతి కణానికీ శక్తినిచ్చే ఏటీపీని మొదట గుర్తించినవాళ్లలో ఆయన ఒకరు. హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఇవాళ మన ఊళ్లలో ఏఎన్ఎం అమ్మాయి గర్భిణులకు ఇచ్చే మాత్రలో ఉండే ఫోలిక్ ఆమ్లం అదే. బోదకాలుకు వాడే డీఈసీ మందు వచ్చిందీ ఆ ప్రయోగశాల నుంచే. బోదకాలు మన కోస్తా జిల్లాలను ఎంత పీడించిందో పెద్దవాళ్లకు తెలుసు. వైద్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి, మా ఎదురుగానే మింగండి అని పంచిన మాత్ర అదే. మింగినవాళ్లు సైటేషన్ రాయలేదు. గర్భిణులూ రాయలేదు. ఆ ప్రభావం ఏ పట్టీలోనూ కనపడదు. 1948లో, 53 ఏళ్లకే ఆయన పోయారు.

అందుకే నేను చెప్పేది ఒక్కటే మాట. అంకె చూడండి, తప్పులేదు. అంకె చూశాక దాని వెనక ఉన్న వాక్యం కూడా చూడండి. ఎవరు పేర్కొన్నారు, ఎందుకు పేర్కొన్నారు, ఏమని పేర్కొన్నారు? అంకె వెనక వాక్యం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఒక్కోసారి ప్రభావం మరీ ఎక్కువైతే పేరు చెప్పడమే మానేస్తారు. మన మాటల్లోనే చూడండి. ఎవరైనా మంచి పని చేస్తే, వీడికో రెండు వీరతాళ్లు వేయండ్రా అంటాం. ఆ వీరతాడు 1957లో మాయాబజార్ సినిమాకు మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారిది. మనం ఎప్పుడైనా, పింగళి వారన్నట్టు, అని అంటున్నామా? అనం. ఆ మాట మనదే అయిపోయింది. పరిశోధనలోనూ అదే జరుగుతుంది.

కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, లోకం సీఆర్ రావు అని పిలిచే ఆయన, గూడూరు, నూజివీడు, నందిగామ బళ్లలో చదువుకున్నారు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. కలకత్తాలో పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి ఒక సందేహం అడిగాడు. గణాంకశాస్త్రవేత్త ఫిషర్ చెప్పిన ఫలితం నమూనా పెద్దదైతే సరే, చిన్నదైతే వర్తిస్తుందా అని. అడిగినాయన వీఎం దండేకర్. తర్వాత పేరున్న ఆర్థికవేత్త అయ్యారు. రావు గారు ఆ రాత్రి కూర్చుని లెక్క తేల్చి, మర్నాడు తరగతిలో చెప్పేశారు. అది 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో అచ్చయింది. అప్పటికాయనకు పాతికేళ్లు. క్రామర్-రావు, రావు-బ్లాక్‌వెల్ అనే రెండు సిద్ధాంతాలకు అదే మూలం. ఇవాళ గణాంకశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ఆ పేర్లు మామూలు నామవాచకాలు. వాడేవాళ్లలో ఎక్కువమంది 1945 నాటి పేపరును కింద రాయరు. రాయాల్సిన అవసరమే వాళ్లకు తోచదు. ఆ పేపరు వచ్చి 75 ఏళ్లు దాటాక, 2023లో, ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. పరిశోధన ప్రభావం తెలియడానికి రెండేళ్లు చాలంటుంది ఇంపాక్ట్ ఫ్యాక్టర్. సీఆర్ రావు గారి లెక్క తేలడానికి ముప్పావు శతాబ్దం పట్టింది.

ఇంకో సంగతి. మా జూబ్లీహిల్స్‌లోనే డాక్టర్ బీఆర్ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో మొదలైంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. జి. రామ్‌రెడ్డి గారు తొలి ఉపకులపతి. ఆ గేటు ముందున్న రోడ్డుకు ఆయన పేరే పెట్టారు. అక్కడ తయారైన తెలుగు పాఠ్యపుస్తకాలు చదివి ఎందరో డ్రైవర్లు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు, పెళ్లయి చదువాగిపోయిన ఆడవాళ్లు డిగ్రీలు పొందారు. గ్రూప్స్ పరీక్షలకు కూర్చునే పిల్లల బల్లల మీద ఆ పుస్తకాలు ఇప్పటికీ కనిపిస్తాయి. సైటేషన్ పట్టీలో మాత్రం వాటి లెక్క సున్నా. ఎందుకంటే ఆ పట్టీలు తయారుచేసేవాళ్లు ఎక్కువగా ఇంగ్లిషు పత్రికలనే లెక్కలోకి తీసుకుంటారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల దగ్గరికి వెళ్లి వ్యవసాయం మాటలు ఏరి 1962లో మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. నాగలిలో ఏ భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారో అందులో ఉంది. తెలుగు మీద పనిచేసేవాళ్లకు అది ధాన్యపు గాదె. ఏ గ్లోబల్ ర్యాంకూ ఆ గాదెలోకి తొంగి చూడదు. ఇది నాకు బాధ కలిగించే విషయం. తెలుగులో రాస్తే లెక్కలోకి రాదని తెలిశాక, పిల్లలు తెలుగులో ఎందుకు రాస్తారు?

రంగానికీ రంగానికీ కూడా తేడా ఉంటుంది. వైద్యంలో వేలమంది రాస్తారు, పేర్లు త్వరగా పోగుపడతాయి. గణితంలో, చరిత్రలో నెమ్మది. మన సినిమా మీదే ఎస్వీ శ్రీనివాస్ గారు 2009లో మెగాస్టార్ అని ఇంగ్లిషులో ఒక పరిశోధన గ్రంథం తెచ్చారు. చిరంజీవి గారి సినిమాలూ అభిమాన సంఘాలూ దానికి వస్తువు. అలాంటి పుస్తకాన్నీ క్యాన్సర్ మీద వచ్చిన పేపరునూ ఒకే త్రాసులో తూచడం, బంగారాన్నీ వరిగడ్డినీ ఒకే కాటాలో తూచినట్టు. రెండూ విలువైనవే. కాటాయే వేరు.

ఇక్కడ కాస్త కటువుగా ఒక మాట చెప్పాలి. సినిమావాళ్ల భాషలో రెండు మాటలున్నాయి. సినిమా ఆడింది. సినిమాను ఆడించారు. ఆడటం వేరు, ఆడించడం వేరు. వంద రోజుల పోస్టరు కోసం ఖాళీ హాల్లో ఆట వేయించడం ఆడించడం. పరిశోధనలోనూ ఆడించడం వచ్చేసింది. నా పేపర్లు నువ్వు పేర్కొను, నీవి నేను పేర్కొంటాను అనే ఒప్పందాలు. డబ్బు కట్టించుకుని ఏది పంపినా అచ్చేసే పత్రికలు. మన హైదరాబాదు నుంచే నడిచిన ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. పేపర్లను సరిగా పరిశీలింపజేయకుండానే అచ్చేస్తున్నారని, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గురించి తప్పుగా చెప్పుకుంటున్నారని ఆరోపణ. 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. అలాంటిచోట డబ్బు కట్టినవాళ్లందరూ మోసగాళ్లని నేననను. పేపరు వేస్తేనే థీసిస్ ఇవ్వనిస్తాం అన్న నిబంధన పిల్లల మెడ మీద ఉండేది. యూజీసీ ఆ నిబంధనను 2022 నవంబరులో తీసేసింది. మంచి పని చేసింది.

ఇప్పుడు మా అమ్మాయి పదకొండు దగ్గరికి వద్దాం. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చున్నాం. ఆ పదకొండు పేపర్లూ ఒక్కొక్కటే తెరిచాం. ఆమె పేరున్న వాక్యం ఎక్కడుందో వెతికాం. గంటన్నర పట్టింది. నాలుగు పేపర్లలో ఆమె పేరు మరో ఏడెనిమిది పేర్లతో కలిపి గుంపుగా ఉంది. జొన్న తెగుళ్ల మీద చాలామంది పనిచేశారు అని వాక్యం. అంటే పెళ్లి ఆహ్వానంలో బంధుమిత్రులు అని వేసినట్టు. రెండు ఆమె గైడు గారివే. మరో నాలుగింటిలో ఆమె చెప్పిన ఒక సంగతిని సరిచూసుకున్నారు.

పదకొండోది చదివేటప్పుడు ఆమె గొంతు మారింది. వేరే రాష్ట్రంలో జొన్న మీద పనిచేసేవాళ్లు రాసింది అది. ఆకు మీద మచ్చను తెగులు ముదరకముందే గుర్తుపట్టే పద్ధతిని ఆమె పేపరు నుంచే తీసుకున్నామనీ, తమ పొలాల్లో కూడా అది సరిగ్గా పనిచేసిందనీ రాశారు. పేపరులో ఒక పేరా అంతా దాని గురించే.

"బాబాయ్, వీళ్లు నిజంగానే వాడారు" అంది.

వాడారు. ఆ ఒక్క పేరాను ఇంటర్వ్యూ గదిలో ఎవరూ చదవలేదు. చదవడానికి రెండు నిమిషాలు చాలు.

శ్రోతల్లో ఎందరో అధ్యాపకులుంటారు. ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చునేవాళ్లుంటారు. మీకు నాదొక విన్నపం. అభ్యర్థి కాగితాలు మీ చేతికొచ్చినప్పుడు అంకె ఎంతో అడగండి. అడిగి అక్కడే ఆగిపోకండి. నీ పనిని బాగా వాడుకున్న ఒక్క పేపరు చూపించమ్మా, అందులో నీ గురించి ఏమని రాశారో చదివి వినిపించమ్మా అని అడగండి. తెలుగులో రాసిన పని ఉంటే, అది కూడా బల్ల మీద పెట్టమనండి. పరిశోధన చేస్తున్న పిల్లలకూ అదే చెబుతున్నాను. మీ పేరున్న వాక్యాలను ఇవాళే ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టుకోండి. రేపు ఇంటర్వ్యూకు ఆ నోట్‌బుక్కు కూడా తీసుకెళ్లండి.

మా అమ్మాయి వచ్చే నెల ఇంకో ఇంటర్వ్యూకు వెళ్తోంది. నోట్‌బుక్కులో మొదటి పేజీ ఆ జొన్న పేరాయే.